ఈ మాట నాది గాదు

చాటింపు చివర ఒక్క ముక్క తగ్గించమన్నాడు బాలనర్సయ్య. అంతే. ఇంత చిన్న పనికి ఠాణా మెట్లెక్కాల్సి వస్తుందని ఎర్రన్న కలలో కూడా అనుకోలేదు.

శుక్రవారం ఎండ ఎక్కకముందే కబురొస్తే బాలనర్సయ్య పసుపు కళ్లం దగ్గరికి వెళ్లాడు. ఉడికించి పోసిన కొమ్ములు కళ్లం నిండా ఆరుతున్నాయి. నలుగురు ఆడవాళ్లు వాటిని కాళ్లతో తిరగదోస్తున్నారు. ఎర్రన్న కళ్లం గట్టుకు ఇవతలే చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. ఆయనకు అరవై రెండేళ్లు. బాలనర్సయ్యకు యాభై కూడా నిండలేదు. అయినా చెప్పులు విడిచేది ఈయనే. అది ఎవరూ గదమాయించి చేయించేది కాదు, ఆ మనిషి ముందుకు రాగానే కాళ్లే విడుస్తాయి.

బాలనర్సయ్య గ్రామాభివృద్ధి కమిటీకి పెద్దమనిషి. ఆ కమిటీకి ఓట్లు లేవు, సర్కారు ముద్ర లేదు. కానీ ఊళ్లో బెల్టుషాపు ఎవరు నడపాలి, చెరువులో చేపలు ఎవరు పట్టాలి, ఆదివారం చికెన్ ఎవరు కొయ్యాలి అన్నది వేలం పెట్టి తేల్చేది అదే. ఓట్లేసి గెలిపించుకున్న సర్పంచ్ కూడా దాని ముందు చేతులు కట్టుకునేవాడే. ఇక డప్పు కొట్టి చాటే ఎర్రన్న సంగతి చెప్పాలా!

ఈసారి చాటింపు కల్లుగీసే నర్సింలు ఇంటి మీద. నర్సింలు తాటిచెట్టు మీద నుంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు. భార్య అఖిల నాటుకోళ్లు పెంచి, ఆదివారం ఆదివారం వాకిట్లోనే కోసి అమ్ముకుంటోంది. చికెన్ వేలం పాడుకున్న మహేందర్ కిలోకు ముప్పై ఎక్కువ గుంజుతుంటే జనం మెల్లగా అఖిల వాకిలి పట్టారు. కమిటీ రెండుసార్లు కబురు పంపింది. నా ఇంట్ల నా కోడి, నేను కోసుకుంట, దీనికి వేలమేంది అని ఆమె తిరిగి కబురు పంపింది. ఆ తిరుగు కబురే కమిటీ వాళ్ల ఒంటికి కారం రాసినట్టయింది.

చాటాల్సింది ఏమిటో చెప్పాక బాలనర్సయ్య గొంతు తగ్గించాడు. "గిసారి ఆఖర్ల కమిటీ పేరు తియ్యకు ఎర్రిగా. జమానా మంచిగ లేదు, అందరి చేతుల్ల ఫోన్లే ఉన్నయ్. సంగతి చెప్పు, డప్పు దించు, గంతే."

ఎర్రన్నకు ఇది మింగుడు పడలేదు. ఏ చాటింపు అయినా చివర మూడు దెబ్బలు కొట్టి, 'ఈ మాట నాది గాదు, ఫలానా వాళ్లది' అని చెప్పి డప్పు దించడం వాళ్ల ఇంటి పద్ధతి. తండ్రి ఆయనకు డప్పు కన్నా ముందు ఆ మాటే నేర్పాడు. పోలీసు పటేలు కాలంలో ఎర్రన్న పటేలుదన్నాడు, తరవాత సర్పంచుదన్నాడు, ఇప్పుడు కమిటోళ్లది అంటున్నాడు. పేరు మారింది గానీ మాట మారలేదు. చాటిన కబురు మీద జనానికి కోపం వస్తే చాటిన వాడి వీపు మీదికి రాకుండా కాసేది ఆ ఒక్క ముక్కే.

"మరి ఎవలన్న అడిగితే పటేలా?"

"ఎవలడుగుతరు? ఎవలకు తెల్వదు?" అని బాలనర్సయ్య నవ్వాడు. ఎర్రన్న కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆయనకే తెలియదు.

ఇంటికొచ్చి వరిగడ్డి మంటేసి డప్పు కాచాడు. తోలు బిగిసే దాకా తిప్పి తిప్పి కాచి, వేలితో మీటి చూసుకున్నాడు. గడప దగ్గర భార్య ముత్తవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. సంగతి విని ఆమె చేతిలో ఆకు అట్లాగే ఆపేసింది. గా మాట లేకుంట చాటుడేంది, మీ బాపు ఉంటే కట్టె పట్టుకునేటోడు అన్నది. పెద్దోళ్లతోని మనకెందుకు, ఒక్క మాటకు ఏమైతది అని ఎర్రన్న కసురుకున్నాడు. ముత్తవ్వ చాటలోకి చూస్తూ దారం పళ్లతో తెంపింది.

ఊళ్లో చాటింపుకు ఏడు జాగాలు. పంచాయతీ ముందు మొదలుపెట్టి, హనుమాన్ గుడి, గులాం హోటల్, పాలకేంద్రం, రైసుమిల్లు మూల, గౌడ్ల గల్లీ తిరిగి, ఆఖరున సొంత మాదిగవాడలో దించాలి. అయిదు జాగాల్లో బాగానే జరిగింది. నర్సింలు ఇంటితో ఎవ్వరూ మాట్లాడొద్దు, నీళ్లియ్యొద్దు, దుకాణంలో సామానియ్యొద్దు, కూలికి పిలవొద్దు, మాట్లాడితే అయిదు వేలు దండుగ అని చెప్పి దించేశాడు. ప్రతిచోటా ఆఖరి మాట అలవాటు కొద్దీ నాలుక చివరికి వచ్చి నిలబడుతోంది. మింగేస్తున్నాడు.

గౌడ్ల గల్లీలో అఖిల వాకిట్లోనే ఉంది. గంప కింద కోళ్లకు నూకలు పోస్తున్నదల్లా లేచి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఫోన్ పట్టుకుని నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. ఫోన్ ఎత్తిపట్టి ఆయన ముఖానికి గురిపెట్టింది. ఎర్రన్నకు ఆమెను చూడాలంటే సిగ్గేసింది. దసరాకు ఆమె ఒక కోడిని ఊరికే ఇచ్చింది. పైసలంటే వద్దు తీయమన్నది. ఆయన డప్పును చూస్తూ చాటాడు. డప్పు కొట్టే చిర్ర, చిటికెన పుల్ల రెండూ ఎత్తి, మూడు దెబ్బలు వేయకుండానే దించాడు. మంచం మీది నుంచి నర్సింలు దగ్గడం వినిపించింది.

*

వెలి అంటే ఏమిటో చాటినవాడికి రెండోనాడు తెలిసింది. అంతవరకూ అది ఆయనకు ఒక కబురు, అంతే.

శనివారం పొద్దున గులాం హోటల్ బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అఖిల పాల గిన్నె పట్టుకుని వచ్చింది. గులాం ఆమెను చూసి పంచదార డబ్బాలోకి తల వంచాడు. చీమలు ఏరుతున్నట్టు వేలితో కెలుకుతున్నాడు. ఆ డబ్బాలో చీమలు లేవు. గులాం మంచివాడే, ఊళ్లో ఎవరింట చావు జరిగినా బకెట్ నిండా చాయ్ పంపే మనిషి. అఖిల ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు. తిరిగి వెళ్లేటప్పుడు బల్ల మీది ఎర్రన్నను చూసింది. ఎర్రన్న చాయ్‌లోకి చూశాడు. ఆ మిగిలిన చాయ్ తాగబుద్ధి కాక పారబోశాడు.

ఆదివారం ఆమె వాకిలి ముందు ఒక్కడు లేడు. అందరూ మహేందర్ దుకాణం ముందు వరస కట్టారు. సోమవారం అఖిల తెల్లవారే బయల్దేరి నవీపేట్ దాకా నడిచి, బస్సెక్కి నిజామాబాద్ కలెక్టరేట్‌కు పోయి ప్రజావాణిలో ఫిర్యాదు కాగితం ఇచ్చి, ఫోన్ చూపించి వచ్చిందని గల్లీలో గుసగుసలాడారు. మంగళవారం పదకొండింటికి పోలీసు జీపు వచ్చింది. కమిటీ ఇళ్ల వైపు తిరుగుతుందని ఊరంతా తలుపు సందుల్లోంచి చూసింది. అది నేరుగా మాదిగవాడలోకి వచ్చి, ఎర్రన్న గుడిసె ముందు ఆగింది. ముత్తవ్వ ఒళ్లోని చాట జారి తంబాకు మట్టిలో కలిసింది.

ఠాణాలో బాలనర్సయ్య అప్పటికే కుర్చీలో ఉన్నాడు. గోడ పక్కన అఖిల నిలబడి ఉంది. ఎస్సై ఫోన్‌లో వీడియో పెట్టి బల్ల మీద నిలబెట్టాడు. నలభై ఏళ్లుగా చాటుతున్నాడు గానీ ఎర్రన్న తన గొంతు తాను వినడం ఇదే మొదలు. ఇంత కటువుగా ఉంటుందా నా గొంతు అనుకున్నాడు. మాట్లాడొద్దు, నీళ్లియ్యొద్దు, అయిదు వేలు దండుగ. అన్నీ ఆయన నోట్లోంచే వస్తున్నాయి. ఎవరు చెప్పమన్నారని ఎస్సై అడిగాడు. కమిటోళ్లని ఎర్రన్న చెప్పాడు.

"కమిటీ అన్న మాట ఇండ్ల ఏది? సూపియ్."

మళ్లీ పెట్టాడు. ఎర్రన్న ముందుకు వంగి విన్నాడు. ఆఖరున డప్పు దించే చోట ఒక జాగా ఖాళీగా ఉంది. పన్ను ఊడిన చోట నాలుక తగిలినట్టు ఆయన మనసు అక్కడే తచ్చాడింది. రోజూ చెప్పే మాట. ఆనాడొక్కనాడు చెప్పని మాట. ఆ ఒక్కనాడే ఫోన్‌లోకి ఎక్కింది.

బాలనర్సయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి, ఎంతో బాధపడుతున్నట్టు చెప్పాడు. కమిటీ అంటే గుడి పనులు, రోడ్ల పనులు చూసుకునేదే తప్ప ఇట్లాంటివి ఎరుగదని, ఈ ముసలోడు తాగి ఏదో ఒర్లి ఉంటాడని, ఊరివాడు కదా పాపం వదిలేయండని. అఖిల అడ్డం వచ్చింది. తాను కాగితం పెట్టింది కమిటీ మీదనేగానీ ఎర్రన్న మీద కాదన్నది. నీ వీడియోలో కమిటీ లేదమ్మా, ఇతనొక్కడే ఉన్నాడు అని ఎస్సై విసుక్కున్నాడు. పై నుంచి జవాబు అడుగుతున్నారు, ఆయనకు ఈ గొడవ ఇవాళో రేపో తెగిపోవాలి. చివరికి తెగిన లెక్క ఇది: ఎర్రన్న మళ్లీ ఊరంతా డప్పు కొట్టి, తాగి చాటానని, ఊళ్లో వెలి లేదని చెప్పాలి. పోలీసు జవాను ఫోన్‌లో తీస్తాడు. అది పైకి పోతుంది. చెప్పకపోతే కేసు ఎర్రన్న ఒక్కడి మీద, నిజామాబాద్ జైలు. చెబుతావా అంటే ఎర్రన్న తల ఊపాడు.

బయటికి వచ్చాక అఖిల మెట్ల కింద ఆగింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఎర్రన్నకు.

"రోజు చెప్పే మాట ఆ రోజెందుకు చెప్పలే ఎర్రన్నా?"

ఆమె జవాబు కోసం నిలబడలేదు.

ఇంటికొచ్చేసరికి ముత్తవ్వ మట్టిలో కలిసిన తంబాకును జల్లెడ పడుతోంది. సంగతంతా విన్నది. జైలు మాట విన్నప్పుడు కూడా ఆమె చేయి ఆగలేదు. తాగి చాటానని చెప్పాలన్న దగ్గర ఆగింది. పచ్చకామెర్లు వచ్చి చావు తప్పిన నాటి నుంచి, పదకొండేళ్లుగా ఎర్రన్న కల్లు చుక్క ముట్టలేదు. ఊరందరికీ తెలుసు. కల్లు గీసే నర్సింలుకు ఇంకా బాగా తెలుసు.

"చేసిన తప్పుకు ఊరు తిడితే పడ్త. చెయ్యని తప్పు గూడ డప్పు కొట్టి ఒప్పుకుంటవా?" అని ముత్తవ్వ అడిగింది.

*

బుధవారం పొద్దున పంచాయతీ ముందు జనం బాగానే చేరారు. నితీష్ అనే కుర్ర జవాను ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బాలనర్సయ్య, మహేందర్ మోటార్ సైకిల్ ఆపి, దాని మీదే కూర్చున్నారు. ఎర్రన్న పంచాయతీ గద్దె పక్కన గడ్డి మంటేసి డప్పు కాచాడు. అవసరానికి మించి కాచాడనే చెప్పాలి. ఇక చాలు కానియ్ రా అని మహేందర్ అరిచాక లేచాడు.

దెబ్బ వేశాడు. డప్పు ఖంగుమన్నది.

"ఇనుండ్రయ్యా ఇనుండ్రి. మొన్న శుక్రారం నాడు నర్సింలు ఇంటి మీద వెలి అని చాటిన. గది ఉత్తదే. నేను తాగి చాటిన. ఊళ్లె వెలి లేదు, దండుగ లేదు. కమిటీకి గా మాటతోని సంబంధం లేదు. ఎవలతోనన్న ఎవలన్న మాట్లాడుకోవచ్చు."

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఠాణాలో ఎట్లా చెప్పించారో అట్లాగే చెప్పాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రన్న తాగాడంటే నవ్వక ఏం చేస్తారు! బాలనర్సయ్య మోటార్ సైకిల్ కిక్కు మీద కాలు పెట్టాడు. నితీష్ ఫోన్ దించబోయాడు.

ఎర్రన్న డప్పు దించలేదు. చిర్ర మళ్లీ ఎత్తాడు. మూడు దెబ్బలు కొట్టాడు. శుక్రవారం నాడు కొట్టనివి, తండ్రి నేర్పినవి. ఊళ్లో ఆ మూడు దెబ్బల తరవాత ఏమొస్తుందో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. జనం నవ్వు ఆగిపోయింది. జవాను ఫోన్ మళ్లీ ఎత్తాడు.

"ఈ మాట నాది గాదు" అన్నాడు ఎర్రన్న. చిర్ర బిగించి పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. "ఈ మాట నాది గాదు. కమిటీ పెద్దమనిషి బాలనర్సయ్య పటేలుది. శుక్రారం నాటి మాట గూడ నాది గాదు. గది గూడ ఆయనదే. పసుపు కళ్లం కాడ చెప్పిండు."

అరవలేదు, చెయ్యి చూపలేదు. చాటింపు ఎట్లా చాటుతాడో అట్లాగే, అదే ఎత్తులో, అదే సాగదీతతో చెప్పాడు. తిట్టి ఉంటే బాలనర్సయ్య తిరిగి తిట్టేవాడు. ఇది తిట్టు కాదు, పద్ధతి. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా బాలనర్సయ్య జవాను వైపు చూసి, బంద్ చెయ్యి అన్నాడు. జవాను ఫోన్ వంక చూసుకుని, రికార్డయిపోయింది సార్ అని మెల్లగా చెప్పాడు.

ఎర్రన్న అప్పటికే హనుమాన్ గుడి వైపు నడుస్తున్నాడు. ఏడు జాగాలు చాటమన్నారు, ఏడు జాగాలు చాటాలి. గుడి దగ్గర చాటాడు. గులాం హోటల్ దగ్గర చాటాడు. పాలకేంద్రం దగ్గరికి వచ్చేసరికి జవాను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు, మోటార్ సైకిల్ కనబడకుండా పోయింది, వెనక వస్తున్న జనం ఒక్కొక్కరే పక్క సందుల్లోకి తప్పుకున్నారు. రైసుమిల్లు మూలన ఒక్క మనిషి లేడు. అయినా నిలబడి, గోడలకు చాటి, మూడు దెబ్బలూ కొట్టాడు. గౌడ్ల గల్లీలో అఖిల ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి ఎర్రన్న డప్పును చూడలేదు. ఆమె ఫోన్ వైపే చూసి చెప్పాడు.

*

ఎర్రన్న మీద చాటింపు పడలేదు. చాటేవాడు ఊళ్లో ఆయన ఒక్కడే కదా, ఎవరు చాటుతారు?

అయినా గురువారం పొద్దునకల్లా అందరికీ తెలిసింది. గులాం ఆయనను చూడగానే పంచదార డబ్బా మూత తీశాడు. ఎర్రన్న ఒక్కసారి కూడా పిలవకుండా వెనక్కి తిరిగాడు. బీడీ కమీషన్‌దారు ముత్తవ్వకు ఆకు, తంబాకు లేదన్నాడు. ఆమె ముందు నిలబడ్డ ఇద్దరికి తూచి ఇచ్చాడు, వెనక నిలబడ్డ వాళ్లకూ ఇచ్చాడు. శుక్రవారం పెద్ద గల్లీలో ఒక ముసలమ్మ చనిపోతే నవీపేట్ నుంచి బ్యాండు మేళం తెప్పించుకున్నారు. శవం మాదిగవాడ ముందు నుంచి పోతుంటే ఎర్రన్న చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లో డప్పు లేకుండా సాగిన మొదటి శవం అది. సొంతవాడ వాళ్లు కూడా ఎందుకొచ్చిన గొడవ అని ఈయన గుమ్మం దాటేటప్పుడు తల పక్కకు తిప్పుకుని పోతున్నారు. అఖిల ఇంటి మీద చాటిన వెలి పోలేదు, ఎర్రన్న ఇంటి మీద చాటని వెలి వచ్చింది.

భయం లేదంటే అబద్ధం. ఏ జీపు చప్పుడు వినపడినా లేచి గుమ్మంలోకి వస్తున్నాడు. ఠాణాలో ఇంకా ఆయన పేరు మీద కాగితం ఉంది. జవాను తీసిన వీడియో పైకి పోయిందో, ఎవరైనా తుడిచేశారో తెలియదు. అడిగే దిక్కు లేదు.

ఆదివారం మధ్యాహ్నం అఖిల వచ్చింది. గౌడ్ల ఇంటి ఆడమనిషి మాదిగవాడ గుడిసెలోకి రావడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. వచ్చి, ముత్తవ్వ జరిగిన జాగాలో గడప మీద కూర్చుంది. మంచినీళ్లడిగింది. ముత్తవ్వ ఒక్క క్షణం తటపటాయించి, చెంబు తోమి, మళ్లీ తోమి, నీళ్లిచ్చింది. అఖిల మొత్తం తాగింది.

ఆమె ఎక్కువ మాట్లాడలేదు. రెండు చాటింపులూ తన ఫోన్‌లో ఉన్నాయని, రేపు సోమవారం మళ్లీ ప్రజావాణికి పోతున్నానని, చాటిన మనిషి పక్కన ఉంటేనే ఆ కాగితానికి బలమని చెప్పింది. నీ మొదటి చాటింపు నిన్ను జైలుకు పంపొచ్చు, అదీ అబద్ధం చెప్పనన్నది. నిన్ను ఇందులోకి లాగింది నా ఫోనే కదా, రానంటే తప్పు పట్టనన్నది. ముత్తవ్వ మొగుడి ముఖం వైపు చూసింది. ఆమె అనాల్సింది మంగళవారం నాడే అనేసింది.

ఎర్రన్న గోడకు వేలాడుతున్న డప్పు వంక చూశాడు.

"ఆడ రాసుకుంటరా?"

"రాసుకుంటరు. ఈ మాట ఎవల్దని అడిగి రాసుకుంటరు."

"నా పేరు రాయుమను" అన్నాడు ఎర్రన్న. "ఎర్రన్న చాటిండు, తప్పు చేసిండు, ఎర్రన్ననే చెప్తుండు అని రాయుమను."

నలభై ఏళ్లలో ఒక మాట చివర తన పేరు పెట్టుకోవడం ఆయనకు ఇదే మొదటిసారి. అది ఆయనకే కొత్తగా వినిపించి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

సోమవారం ఆటోవాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. ఖాళీ ఆటోలే రెండు, ముందు నుంచి పోయాయి. నవీపేట్ దాకా నడవాల్సిందే. అఖిల ముందు, ఎర్రన్న వెనక, ఇద్దరి మధ్య పది అడుగుల ఎడంతో ఊరు దాటుతున్నారు. రోడ్డు పక్కనే పసుపు కళ్లం. ఆడవాళ్లు కొమ్ములు తిరగదోస్తున్నారు. గట్టు మీద బాలనర్సయ్య నిలబడి ఉన్నాడు, పక్కన మహేందర్. ఇద్దరూ మాట ఆపి వీళ్లనే చూస్తున్నారు.

గట్టు దగ్గరికి రాగానే ఎర్రన్న కాళ్లు వాటంతట అవే ఆగాయి. ఎడమ కాలు చెప్పులోంచి సగం బయటికి వచ్చేసింది. ఆయన కిందికి చూసుకున్నాడు. ముందు నడుస్తున్న అఖిల కూడా ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

ఎర్రన్న బొటనవేలు మళ్లీ చెప్పులోకి తోసుకుని, రోడ్డు మీదే నడిచాడు.